ప్రేమతో చేసే సేవ: యూదు గురువుల బోధ

శ్రోతలకు నమస్కారం.

యూదులు రోజూ ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి తప్పక పఠించే పాఠాన్ని షెమా అంటారు. బైబిలులోని ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలోని “నీ పూర్ణహృదయముతోను నీ పూర్ణాత్మతోను నీ పూర్ణశక్తితోను” దేవుణ్ణి ప్రేమించాలన్న ఆజ్ఞ అందులోనిదే. అదే కాండం 10వ అధ్యాయం దేవునికి భయపడాలనీ, ఆయనను ప్రేమించాలనీ ఒక్క వాక్యంలోనే చెబుతుంది. శిక్షకు వెరచి మాట వినమంటే ఎవరైనా వినగలరు. ప్రేమించమని ఆజ్ఞాపిస్తే మనసు ఆ ఆజ్ఞకు ఎలా లోబడుతుంది? యూదు గురువులు తరతరాలుగా ఈ ప్రశ్నను పట్టుకునే ఉన్నారు.

క్రీస్తుకు పూర్వం జీవించిన సోకో వాసి ఆంటిగోనస్ చెప్పిన మాట ఒకటి, యూదు గురువుల బోధల తొలి సంకలనమైన మిష్నాలో నిలిచి ఉంది. బహుమానం దొరుకుతుందని యజమానిని కొలిచే సేవకుల్లా ఉండవద్దనీ, ఏ బహుమానాన్నీ కోరకుండా కొలిచే సేవకుల్లా ఉండాలనీ బోధించి, ఆ వెంటనే “దైవభయం మీ మీద ఉండాలి” అని ఆయన ముగించాడు. ఆశను వదలమన్న గురువే భయాన్ని మాత్రం వదలవద్దన్నాడన్నది గుర్తుంచుకోదగిన విషయం.

భయం, ప్రేమ అన్న ఈ రెండింటి మీద గురువుల మధ్య నడిచిన చర్చల్లో నన్ను ఎక్కువగా కదిలించేది యోబును గురించినది. ఆస్తి, సంతానం, ఆరోగ్యం వరుసగా పోగొట్టుకున్న బైబిలు కథలోని యోబు దేవుణ్ణి ఎందుకు విడిచిపెట్టలేదు? క్రీస్తుశకం 70లో యెరూషలేము దేవాలయం కూలిన తరువాత యవ్నే పట్టణంలో యూదు విద్యను మళ్ళీ నిలబెట్టిన యోహానాన్ బెన్ జక్కాయ్, యోబు దైవభయం గలవాడని యోబు గ్రంథం మొదటి వచనమే చెబుతోంది కనుక, అతడు భయం వల్లనే సేవించాడని జీవితాంతం బోధించాడు. ఆయన తరువాతి తరంలో యెహోషువా బెన్ హుర్కనోస్ లేచి, “ఆయన నన్ను చంపినను నేను ఆయనకొరకు కనిపెట్టుచున్నాను” (అంటే, ఆయన మీదే ఆశతో ఎదురుచూస్తున్నాను) అన్న యోబు మాటను చూపి, అతడు సేవించింది కేవలం ప్రేమ వల్లనేనని వాదించాడు. అది విన్న వృద్ధ గురువు రబ్బీ యెహోషువా, గతించిన తన గురువు యోహానాన్ బెన్ జక్కాయ్‌ని తలచుకుని, “మీ కళ్ళ మీది మట్టిని ఎవరు తొలగిస్తారు? మీ శిష్యుని శిష్యుడే కదా ఈ సంగతి బోధించాడు!” అన్నాడని మిష్నా చెబుతుంది. గురువు తీర్పును మనవడి వంటి శిష్యుడు సరిదిద్దితే, ఆ సంగతిని దాచకుండా గ్రంథంలోనే రాసిపెట్టిన ఆ సంప్రదాయం నిజాయతీకి నేను నమస్కరిస్తున్నాను.

అయితే యోబు స్థాయిని సామాన్యుడు ఎలా అందుకోవాలి? 1204లో ఈజిప్టులో కన్నుమూసిన తత్త్వవేత్త, వైద్యుడు మైమోనిడీస్, తన మిష్నా వ్యాఖ్యానంలో చదువుకునే పిల్లవాణ్ణి ఉదాహరణగా తీసుకున్నాడు. చదువు విలువ తెలియని పసివాడికి గురువు మొదట అత్తిపండ్లు, తేనె వంటివి ఇస్తానంటాడు. వాడు కొంచెం ఎదిగాక వాటికి లొంగడు కనుక మంచి చెప్పులో బట్టలో ఆశ చూపుతాడు. తరువాత డబ్బు, ఆ తరువాత పదిమంది లేచి నిలబడి చేసే గౌరవం. ఇవన్నీ నీచమైన కారణాలేననీ, సత్యాన్ని సత్యం కోసమే తెలుసుకోవాలనీ మైమోనిడీస్ ఖండితంగా చెబుతాడు. అయినా, పిల్లవాణ్ణి బడి నుంచి పంపించివేయమని మాత్రం ఆయన అనడు. భయంతోనో ఆశతోనో మొదలుపెట్టిన వారికి ఈ రహస్యాన్ని కొద్దికొద్దిగా తెలియజేస్తూ, ప్రేమతో సేవించే దశకు మెల్లగా నడిపించాలన్నది ఆయన విధానం. తప్పుడు ఉద్దేశంతోనైనా సరే ధర్మాన్ని ఆచరించాలి, ఆచరించగా ఆచరించగా సరైన ఉద్దేశం కలుగుతుందని, మిష్నా మీద తరువాతి గురువుల చర్చల సంకలనమైన తాల్ముద్‌లోని గురువు రవ్ చెప్పిన మాటకు ఇది కొనసాగింపే.

ఆ ప్రేమ పుట్టే దారిని కూడా మైమోనిడీస్ చూపాడు. సృష్టిలోని అద్భుతాలను, వాటిలో కనిపించే అంతులేని జ్ఞానాన్ని శ్రద్ధగా ఆలోచించిన మనిషికి వెంటనే దేవునిపై ప్రేమ, ఆయనను తెలుసుకోవాలన్న తపన కలుగుతాయనీ, అవే విషయాలను తలపోస్తూ తన అల్పత్వాన్ని గ్రహించి అతడు వణికి వెనక్కి తగ్గుతాడనీ ఆయన రాశాడు. దండన తలచుకుని పుట్టే భయం వేరు, ఈ భయం వేరు. ఆంటిగోనస్ ఉండాలన్న దైవభయాన్ని నేను ఈ రెండో విధంగానే అర్థం చేసుకుంటాను. తెలుసుకున్నంత మేరకే ప్రేమ ఉంటుందని కూడా మైమోనిడీస్ అన్నాడు. ప్రేమించమన్న ఆజ్ఞకు అర్థం ఇక్కడ దొరుకుతుందని నా నమ్మకం: మనసును బలవంతపెట్టలేం గాని, తెలుసుకునే పనికి దాన్ని పూనించగలం.

2వ శతాబ్దంలో రోమన్ పాలకులు రబ్బీ అకీవాను చంపడానికి తీసుకువెళ్ళిన వేళ షెమా పఠించే వేళ అయిందని తాల్ముద్ చెబుతుంది. ఇనుప దువ్వెనలతో ఒళ్ళు చీలుస్తుంటే ఆయన పఠిస్తూనే ఉన్నాడు. “గురువుగారూ, ఇంతవరకూనా?” అని శిష్యులు అడిగారు. పూర్ణాత్మతో, అంటే ప్రాణం పోయే వేళ కూడా, ప్రేమించమన్న మాటను ఎప్పటికి నెరవేర్చగలనా అని జీవితమంతా మథనపడ్డాననీ, అవకాశం చేతికి వచ్చాక నెరవేర్చకుండా ఉంటానా అనీ ఆయన బదులిచ్చాడు.

ఇంత ఎత్తుకు ఎదగలేని వారి కోసం, తప్పు చేసినవారి కోసం, రేష్ లకీష్ మాట ఉంది. యౌవనంలో దారిదోపిడి చేసినవాడని తాల్ముద్ వర్ణించే ఈ గురువు పేరు మీద పశ్చాత్తాపాన్ని గురించి రెండు వాక్యాలున్నాయి. తెలిసి చేసిన పాపాలు పొరపాట్లుగా మారతాయని ఒకటి, పుణ్యాలుగానే మారతాయని మరొకటి. రెండూ పొసగడం లేదే అని ప్రశ్నించి, మొదటిది భయం వల్ల తిరిగి వచ్చినవాడికి, రెండవది ప్రేమ వల్ల తిరిగి వచ్చినవాడికి అని తాల్ముద్ తేల్చింది. భయంతో వచ్చినవాణ్ణి కూడా అది వాకిటి నుంచి వెళ్ళగొట్టలేదు.