పాత మిద్దెకు పైకప్పే ప్రాణం

సభకు నమస్కారం.

నెల్లూరు మూలాపేటలోనో రంగనాయకులపేటలోనో వందేళ్లనాటి మిద్దె కారుతోందంటే ఇవాళ అందరూ చెప్పే సలహా ఒకటే: "పైన మూడంగుళాలు కాంక్రీటు పోయించండి." దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో తెలియాలంటే ఆ కప్పులో ఏముందో ముందు చూడాలి.

ఆ కాలపు ఇళ్లలో వీధి అరుగు, పంచ, నడుమ మండువా అన్నీ పాత పద్ధతివే. 1899లో మద్రాసు, బెజవాడల మధ్య రైలు నడిచాక దూరపు కలప, ఇనుప గర్డర్లు, మంగుళూరు పెంకు తెప్పించుకోవడం తేలికైంది. కలిగినవాళ్లు మండువా చుట్టూ పెంకు ఉంచి, ముందు గదులకు మద్రాసు టెర్రస్ అనే ఇటుక, సున్నాల చదును కప్పు వేయించారు.

దాని పనితనం చూడండి. టేకు దూలాల మీద సుమారు అడుగున్నరకొకటి చొప్పున దంతెలు, అంటే అడ్డంగా వేసే సన్న కొయ్యలు. వాటి మీద ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న చిన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, ఐమూలగా, సున్నంతో పేర్చుకుంటూ పోతారు. కింద చెక్క పరవనక్కర్లేదు. ఒక్కో వరస ముందు వరసను ఆనుకుని నిలుస్తుంది. దాని మీద ఇటుక ముక్క రెండున్నర పాళ్లు, గానుగలో నూరిన సున్నం ఒక పాలు కలిపి నాలుగంగుళాలు పరుస్తారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ కొయ్య బద్దలతో రోజుల తరబడి కొడతారు. నాలుగంగుళాలూ మూడుకు దిగి, కొట్టిన బద్ద ఎగిరిపడితే పని అయినట్టు. పైన రెండు వరసల పలక ఇటుక, అతుకు మీద అతుకు పడకుండా. వాలు తూముల వైపు.

ఇప్పుడు దీని మీద మూడంగుళాల సిమెంటు కాంక్రీటు వేస్తే చదరపు అడుగుకు 17 కిలోలు. పది బై పది గదికే 1,700 కిలోలు! దంతెలు కుంగుతాయి, కప్పు నెర్రెలిస్తుంది. ఆ నెర్రెలోంచి దిగిన నీరు మళ్లీ పైకి ఆరే దారి లేక కలపలోకి ఇంకుతుంది. గోడలదీ అదే కథ. సున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేదు. ఉప్పు వెనకే పేరుకుని పూతను పెచ్చులుగా ఊడదీస్తుంది. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

మరి ఏం చేయాలి? ముందు తూములు శుభ్రం చేసి, గోడ మొదట్లో మొలిచిన రావి మొక్కను వేరుతో తీయాలి. సగం కారుడు అక్కడే ఆగుతుంది. తర్వాత పలక ఇటుకను సుత్తితో మెల్లగా తట్టండి. డొల్లగా మోగినచోట మాత్రమే ఊడదీసి, సున్నంతోనే మళ్లీ పరవాలి. ఈ పనికి సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు మంచిది. ఈశాన్య రుతుపవనం అప్పటికి తగ్గుతుంది. రోహిణి కార్తెలో చేస్తే సున్నం గట్టిపడకముందే ఆరి పగులుతుంది. ఎప్పుడు చేసినా కనీసం రెండు వారాలు తడి గోనెలు కప్పి ఉంచాలి.

దూలాల మధ్యభాగం చూసి బాగుందని వదిలేయకండి. గోడలో దూరిన కొసలే ముందు పోతాయి. కొస దగ్గర స్క్రూడ్రైవరు గుచ్చితే అర అంగుళం సులువుగా దిగిందంటే చెదలో, కుళ్లో పట్టినట్టే. అప్పుడు దూలం కింద ఊతకొయ్య పెట్టి, కుళ్లిన మేర కోసి, కొత్త టేకు ముక్క అతికించాలి. తిరిగి గోడ మూసేటప్పుడు కొస చుట్టూ అంగుళం ఖాళీ వదలండి, గాలి ఆడాలి. ఆ ఖాళీని సిమెంటుతో నింపబోయే మేస్త్రీని దగ్గరుండి ఆపండి.