శిబిరానికి మనుషులు కావాలి: లెక్క రాత్రి నుంచి మొదలుపెడదాం

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది పిల్లల్ని సేవా శిబిరాలకు తీసుకెళ్లేవాళ్లే. పదమూడేళ్లు దాటిన పిల్లలు ఇల్లు వదిలి రెండు మూడు వారాలు ఒకచోట ఉంటారు. పగలు నలుగురికి పనికొచ్చే పని చేస్తారు, సాయంత్రం కూర్చుని ఆ పని గురించి మాట్లాడుకుంటారు. ఇలాంటి శిబిరం తలపెట్టగానే మనం ముందు ఏం చూస్తాం? ఎక్కడికి వెళ్లాలి, ఏ పని చేయించాలి, బస ఎక్కడ, బస్సుకు ఎంతవుతుంది. ఇవన్నీ తేలాక, చివర్లో సిబ్బంది సంగతి వస్తుంది. అప్పటికి డబ్బులూ అయిపోతాయి, టైమూ అయిపోతుంది. 'ఎవరో ఒకరు దొరుకుతార్లే' అనుకుంటాం.

ఈ వరస తిరగేయమని అడగడానికే నేను ఈరోజు వచ్చాను. ముందు మనుషుల లెక్క వేద్దాం. ఆ లెక్క కూడా పొద్దుటి పని దగ్గర కాదు, రాత్రి భోజనం తర్వాతి నుంచి మొదలుపెడదాం.

ఎందుకంటారా? పగలు పని ఉంటుంది, చుట్టూ జనం ఉంటారు, పిల్లల ధ్యాస పని మీద ఉంటుంది. చీకటి పడ్డాకే పగలు చూసినదంతా మనసులో తిరగడం మొదలవుతుంది. అనుభవం ఉంటే చాలు, చదువు దానంతట అదే వచ్చేస్తుందనుకోవడం పొరపాటని అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1938లోనే రాశాడు. కొన్ని అనుభవాలు మనిషిని ఎదగనివ్వవు, తప్పుదారి కూడా పట్టిస్తాయి అన్నాడు. ఒక పిల్లవాడు పేదరికాన్ని దగ్గరగా చూసి, దాని గురించి ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోతే, 'పాపం వాళ్లు, అదృష్టవంతుణ్ని నేను' అన్న ఒక్క ముక్కే మిగలొచ్చు. అంతకన్నా లోతుకు వెళ్లాలంటే పక్కన పెద్దమనిషి ఒకరు కావాలి. ఓపికగా వినేవాళ్లు, సరైన చోట ఒక ప్రశ్న వేసేవాళ్లు.

ఒక చిన్న సంఘటన చెప్తాను. వృద్ధాశ్రమంలో పనిచేస్తున్న బృందం. పదహారేళ్ల అబ్బాయి ఒకడు రోజూ ఒక తాతగారి పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేవాడు. చివరి రోజు తాతగారు వాడి చెయ్యి పట్టుకుని, "రేపు వస్తావా బాబూ?" అని అడిగారు. వీడు అలవాటుగా "వస్తాను తాతగారూ" అనేశాడు. రేపు ఉదయం బస్సు. ఆ సాయంత్రం అందరూ గుండ్రంగా కూర్చున్నప్పుడు వాడు నోరు విప్పలేదు, తల దించుకుని చెప్పు పట్టీ తీసి పెడుతూ కూర్చున్నాడు. పొద్దున ఐదింటి నుంచి కాళ్ల మీదే ఉన్న లీడరు ఆవలింత ఆపుకుంటూ, "ఎవరైనా ఏమైనా చెప్తారా? లేదా? సరే, పడుకోండి" అనడం చాలా సహజం. అక్కడ అలా జరగలేదు. మధ్యాహ్నం మూడింటికి డ్యూటీలోకి వచ్చిన అక్క ఒకరున్నారు. ఆశ్రమంలో ఆ మాట ఆమె చెవిన పడింది. అందరి ముందూ వాణ్ని ఏమీ అడగలేదు. "మనం వెళ్లిపోతే ఇక్కడివాళ్లకు ఎలా ఉంటుంది?" అని మొత్తం బృందాన్ని అడిగింది. కాసేపటికి వాడే చెప్పాడు. చెప్పి ఏడ్చాడు. ఇలా వచ్చి వెళ్లిపోవడం న్యాయమేనా అన్న దాని మీద పిల్లలు ఆ రాత్రి చాలాసేపు వాదించుకున్నారు. మర్నాడు బస్సెక్కే ముందు ఆ అబ్బాయి ఆశ్రమానికి వెళ్లి తాతగారికి నిజం చెప్పి వచ్చాడు.

ఆ అక్కకు గొప్ప శిక్షణ ఏదో ఉందని కాదు. ఆమె అలిసిపోలేదు. డ్యూటీ చార్టు వేసినవాళ్లు ఆమెను పొద్దున పనికి పంపలేదు. నేను చెప్పదలచిందంతా అందులోనే ఉంది.

ఇక అంకెలకు వద్దాం. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం, రాత్రి బస ఉండే శిబిరాల్లో 9 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఎనిమిది మందికి ఒకరు, 15 నుంచి 18 ఏళ్లవాళ్లు పది మందికి ఒకరు చొప్పున సిబ్బంది ఉండాలి. చాలామంది ఈ అంకె చూసి, పదిహేనేళ్లు నిండిన ముప్ఫై మంది పిల్లలకు ముగ్గురు చాలు అని బడ్జెట్ రాసేస్తారు. అది కనీసం ఎంతమంది ఉండాలో చెప్పే అంకె. దాని మీద ఆగిపోతే ఏమవుతుందో చూడండి. ముప్ఫై మందీ రెండు చోట్ల పనిచేస్తున్నారు. ఒక అమ్మాయికి జ్వరం వచ్చింది, ఒక లీడరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మిగిలింది ఇద్దరు. ఒక్కో చోట పదిహేను మంది పిల్లలకు ఒక్కరు. ఆ ఒక్కరికీ ఏదైనా అయితే? పిల్లల దగ్గర ఒక్కరే కాక రెండో పెద్దమనిషి కూడా ఉండాలన్న నియమం మధ్యాహ్నానికే గాలికి పోయింది. ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్న మనిషి తెల్లారి మళ్లీ డ్యూటీ ఎక్కాలి. ఒక్క జ్వరానికే ఇంత. ముప్ఫై మందికి పనిచోట్ల నలుగురు, ఏ బృందానికీ చెందకుండా ఖాళీగా ఉండే మనిషి ఒకరు, రాత్రికి వేరే మనుషులు, వీళ్లందరినీ చూసుకునే బాధ్యుడు ఒకరు. ఇంతకు తగ్గితే పిల్లల సంఖ్య తగ్గించండి, సిబ్బందిని కాదు.

ఆ ఖాళీ మనిషి దగ్గరే కమిటీల్లో గొడవ వస్తుంది. 'పని లేకుండా జీతం ఎందుకు?' అంటారు. పని లేకుండా ఉండటమే ఆ మనిషి పని. ఏదో ఒకటి జరిగిన రోజున శిబిరం ఆగకుండా నడిచేది ఆ మనిషి వల్లే. ఏదో ఒకటి జరగని శిబిరం నేను చూడలేదు.

రాత్రి డ్యూటీ గురించి ఇంకొంచెం చెప్పాలి. టీనేజిలో శరీరంలోని గడియారం ఆలస్యంగా నడుస్తుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి లైట్లు ఆపితే పదకొండు దాకా గుసగుసలు వినిపించడం అల్లరి కాదు, వాళ్ల వయసు. మళ్లీ వాళ్లకే 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పొద్దున ఐదింటికి లేపే టైంటేబులు వేసి, మూడో రోజుకల్లా పిల్లలు చికాకు పడుతున్నారని వాపోతే ఎలా? ఇంకో సంగతి. ఇంటి మీద బెంగ, స్నేహితుల మధ్య తగువు, ఎవరికీ చెప్పుకోలేని భయం, ఇవన్నీ బయటికొచ్చేది పదకొండింటికే. ఆ వేళ తలుపు దగ్గర మెలకువగా ఒక మనిషి ఉండాలి. పగలంతా పనిచేసి పక్క గదిలో మొద్దునిద్ర పోతున్న మనిషిని రాత్రి సిబ్బంది కింద లెక్క వేసుకోవద్దు. అలా మెలకువగా ఉన్నవాళ్లు కూడా పిల్లవాడితో మాట్లాడేది వరండాలో, దీపం కింద, ఇంకొకరికి కనిపించే చోట. మూసిన గదిలో ఒక పెద్ద, ఒక పిల్ల ఉండకూడదు. ఎంత మంచి మనిషైనా సరే. ఇది ఎవరినో అనుమానించడం కాదు, ఇద్దరికీ రక్ష.

బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించింది. దాని మూడో అధికరణం చదివితే నాకు ఎప్పుడూ ధైర్యం కలుగుతుంది. పిల్లల సంరక్షణ చూసే సంస్థలు ఏ ప్రమాణాలు పాటించాలో చెప్తూ, భద్రత, ఆరోగ్యంతో పాటు సిబ్బంది సంఖ్య, వాళ్ల అర్హత, సరైన పర్యవేక్షణ అని విడిగా రాశారు. అంటే ఎంతమంది, ఎలాంటివాళ్లు అన్నది బడ్జెట్‌లో మిగిలిన డబ్బును బట్టి తేల్చుకునే విషయం కాదు. అది పిల్లల హక్కు.

ఎలాంటివాళ్లు అన్న దానికి వద్దాం. ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లవాళ్లు హుషారుగా వస్తారు, పిల్లలు వాళ్లకు వెంటనే దగ్గరవుతారు. వాళ్లు కావాలి. కానీ టీమ్ అంతా వాళ్లే అయితే ప్రమాదం. పదిహేడేళ్ల పిల్లకూ ఇరవై ఏళ్ల లీడరుకూ మధ్య దూరం ఎంతని? ఆ దూరం గుర్తుచేసే నడివయసు మనుషులు ఇద్దరైనా ఉండాలి. ఇంటర్వ్యూలో 'మీకు పిల్లలంటే ఇష్టమేనా' అని అడగకండి, అందరూ ఇష్టమనే అంటారు. "రాత్రి పదకొండింటికి ఒక అమ్మాయి వచ్చి, ఎవరికీ చెప్పనంటేనే ఒక విషయం చెప్తానంది. మీరేమంటారు?" అని అడగండి. 'ఎవరికీ చెప్పను' అని మాట ఇచ్చేస్తాననే మనిషికి ఇంకా చాలా నేర్పాలి. 'వింటాను, కానీ నీకు ప్రమాదం ఉన్న విషయమైతే ఫలానా ఆమెకు చెప్పక తప్పదు' అనగలిగిన మనిషిని వదులుకోకండి. రిఫరెన్స్ ఉత్తరాలు సరిపోవు, ఫోన్ చేసి మాట్లాడండి. "మీ పిల్లల్ని ఈ మనిషితో మళ్లీ పంపుతారా?" అన్న ప్రశ్నకు అవతలివాళ్లు ఒక క్షణం తటపటాయించినా మీకు తెలిసిపోతుంది.

వంటవాళ్లు, డ్రైవరు కూడా సిబ్బందే. పిల్లల్ని రోజూ చూసేవాళ్లు వాళ్లు. ఎవరు తినడం మానేశారో లీడరు కంటే ముందు వంటమనిషికి తెలుస్తుంది. శిక్షణలో వాళ్లనూ కూర్చోబెట్టాలి. అలాగే, మనం సేవ చేయడానికి వెళ్లిన చోట మనకు దారి చూపే స్థానికులు ఉంటారు కదా, వాళ్ల సమయాన్ని ఉచితంగా వాడుకోవడం అన్యాయం. పని ఏది, ఎంతవరకు, ఎప్పుడు ఆపాలి అన్నది చెప్పగలిగేది వాళ్లే. వాళ్లకు జీతం రాయండి, సాయంత్రం చర్చలో వాళ్ల కుర్చీ వేయండి.

పిల్లలు రాకముందే కనీసం మూడు రోజులు టీమ్ అంతా కలిసి ఉండాలి. నియమాల పుస్తకం చదివి వినిపించడానికి కాదు. తప్పిపోయిన పిల్లవాడు, రాత్రి మూర్ఛ వచ్చిన పిల్ల, ఏడుస్తూ ఇంటికి పంపేయమనేవాడు, ఇవన్నీ నటించి చూడటానికి. మొదటిసారి నవ్వులాటగా ఉంటుంది. రెండోసారికి ఎవరు ఫోన్ చేయాలి, ఎవరు మిగతా పిల్లల్ని పక్కకు తీసుకెళ్లాలి అన్నది తేలిపోతుంది.

సెలవు సంగతి డ్యూటీ చార్టులో మొదట రాయండి. రోజుకు రెండు గంటలు ఏకధాటిగా, వారానికి ఒక పూర్తి రోజు. ఆ రెండు గంటల్లో ఫోన్ ఇంకొకరి చేతిలో ఉండాలి. సేవ అనేసరికి విశ్రాంతి అడగడమే తప్పన్నట్టు చూసే అలవాటు మనలో ఉంది. చెప్పుకోలేక నలిగిపోయి, మంచి లీడర్లు రెండో ఏడు రావడం మానేస్తున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

చివరిగా ఒక్క మాట. పిల్లలు వెళ్లిపోయిన రోజే సిబ్బందిని పంపించేయకండి. ఇంకో రెండు రోజులు జీతంతో ఉంచండి. మొదటి రోజు పూర్తిగా నిద్రపోనివ్వండి. రెండో రోజు స్థానికులతో కలిసి కూర్చోబెట్టి, మనం చేసిన పనిలో వాళ్లకు ఏది పనికొచ్చింది, ఏది భారమైంది అని అడిగి రాసుకోండి. వచ్చే ఏడు డ్యూటీ చార్టు వేసేవాళ్లకు ముందు ఆ కాగితం ఇవ్వండి.