చివరి ఇంటి కుళాయి

శ్రోతలకు నమస్కారం.

మంచినీళ్ల పరీక్షలు చేసే ప్రయోగశాలలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. ఓ వానాకాలంలో ఒక ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని కబురొస్తే శాంపిళ్లు తీయడానికి వెళ్లాం. ముందుగా ట్యాంకు దగ్గర, క్రిములను చంపడానికి నీళ్లలో కలిపే క్లోరిన్ ఉందో లేదో చూశాం. ఈ పరీక్ష చాలా చిన్నది. గాజు గొట్టంలో గీత వరకు నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి కలపాలి. క్లోరిన్ ఉంటే పసుపు రంగుకు తిరుగుతాయి, ఎంత ఉంటే అంత ముదురుగా. ట్యాంకు కింద పట్టిన నీళ్లు నిమ్మపండు రంగుకొచ్చాయి. రిజిస్టర్లో కూడా క్లోరిన్ కోసం రోజూ బ్లీచింగ్ పౌడర్ వేసినట్టే రాసుంది.

అక్కణ్నుంచి ఊరి చివర వీధికి వెళ్లాం. ప్రెషర్ అందక అక్కడివాళ్లు ఇంటి ముందు మోకాలి లోతు గుంట తవ్వి, కుళాయి అందులో బిగించుకున్నారు. గుంట అడుగున ముందురోజు నీళ్లు నిలవుండి పాచి పట్టింది. గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేశాను. రంగు రాలేదు. కడిగి మళ్లీ పట్టాను. అప్పుడూ రాలేదు. పక్కనే బిందెతో నిలబడ్డ పెద్దావిడ, "ఏం బాబూ, తేటగానే ఉన్నాయి గదా, మంచివేనా?" అంది. రంగు రాకపోవడమే చెడ్డ కబురని ఆవిడకి ఎలా చెప్పాలో ఒక్క క్షణం తోచలేదు. "లేదు పెద్దమ్మా, మేం చెప్పేదాకా కాచి చల్లార్చుకుని తాగండి" అన్నాను.

ఆ వీధి గురించే ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నాను. ఎందుకంటే నీళ్లు మంచివో కావో ట్యాంకు దగ్గర తేలదు, చివరి ఇంటి దగ్గర తేలుతుంది.

మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. ఓ గంట వస్తాయి, ఆగిపోతాయి. ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి ఉండదు. ఎక్కడైనా జాయింటు వదులైనా, చిన్న చిల్లు ఉన్నా, చుట్టూ నేలలో ఉన్న తడి లోపలికి లాక్కుంటుంది. ఆ పైపు మురుగుకాలువలోంచి వెళ్తుంటే లోపలికి చేరేది మురుగే. దానికి తోడు కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే, ఆ మోటారు నీళ్లతోపాటు బయటి మురుగునూ పీలుస్తుంది. పక్కింటాయన మోటారు పెట్టాడని మనమూ పెడతాం. ఆ వీధిలో పసిబిడ్డ తాగే నీళ్లు కూడా ఆ పైపులోంచే వస్తాయన్నది తట్టదు. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో కలుషితమైన కుళాయి నీళ్లు తాగి జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండూ మారుమూల పల్లెలు కావు, పెద్ద నగరాలు.

క్లోరిన్‌ని అందుకే కాస్త ఎక్కువ వేసి, చివరి కుళాయి దాకా కొంత మిగిలేలా చూస్తారు. ఆ మిగులు దారిలో కలిసే క్రిములకు కాపలా. తాగునీటికి మన దేశంలో ఐఎస్ 10500 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆ మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మలంతో వచ్చే ఈ-కోలి అనే క్రిమి 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు. చివరి కుళాయిలో క్లోరిన్ బొత్తిగా కనిపించలేదంటే ఎక్కువగా రెండే కారణాలు. అసలు సరిగా వేయకపోవడం, లేదా దారిలో ఏదో కలిసి దాన్ని మింగేయడం. మూత తీసి ఉంచిన బ్లీచింగ్ బస్తాలో సత్తువ కూడా రోజురోజుకీ తగ్గిపోతుంది. వాసన వస్తోంది గదా అని అదే వేస్తూ పోతారు.

ప్రమాణమైతే ఉంది. మరి దాన్ని పాటించారో లేదో చూసేదెవరు? మన దగ్గర చాలా చోట్ల నీళ్లు ఇచ్చేదీ, వాటిని పరీక్షించేదీ ఒకే యంత్రాంగం. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. ఇంగ్లండ్, వేల్స్‌లలో నీళ్లు సరఫరా చేసేది కంపెనీలైతే, వాటి మీద నిఘాకి 1990లో వేరే తనిఖీ సంస్థ పెట్టారు. అలా వేరే సంస్థ ఎందుకు కావాలో నాకు బాగా అర్థమైంది కెనడాలో వాకర్టన్ అనే చిన్న పట్నం సంగతి చదివినప్పుడు.

అక్కడ జనాభా ఇంచుమించు 5,000. 2000 మే నెలలో పెద్ద వాన పడింది. పశువుల పేడలోని క్రిములు ఆ వానకు ఒక బావిలోకి చేరాయి. ఆ నీటి సరఫరా ఇద్దరు అన్నదమ్ముల చేతుల్లో ఉండేది. క్లోరిన్ కొలవకుండానే రిజిస్టర్లో రోజూ 0.5 అనో, 0.75 అనో రాసేసేవారు. ఏళ్ల తరబడి అదే తంతు. ల్యాబ్ నుంచి నీళ్లలో ఈ-కోలి ఉందని రిపోర్టు వచ్చింది. ఆరోగ్య శాఖవాళ్లు అడిగితే, సరఫరా చూసేవాళ్లు నీళ్లు బాగానే ఉన్నాయని చెప్పారు. ఆ రిపోర్టును ఆరోగ్య శాఖకు కూడా పంపి తీరాలన్న చట్టం అప్పటికి లేదు. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. ఆ తరవాత 2002లో అక్కడి రాష్ట్రం కొత్త చట్టం తెచ్చి, చెడ్డ ఫలితం వస్తే ల్యాబ్ వెంటనే ఆరోగ్య అధికారికి చెప్పి తీరాలంది.

అది చదువుతుంటే నాకు మా ఊళ్ల రిజిస్టర్లు గుర్తొచ్చాయి. నెల పొడుగునా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే అంకె. నిజంగా కొలిస్తే అంకె అలా ఉండదు. వానొచ్చిన రోజు ఒకలా, కరెంటు పోయి ట్యాంకు నిండని రోజు ఒకలా, రోజూ మారుతుంది. మారని అంకె కనిపిస్తే నాకు భయమేస్తుంది.

రంగు, రుచి చూసి చెప్పలేనివి ఇంకా ఉన్నాయి. నల్లగొండ జిల్లాలో ఎన్నో తరాలు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు తిరిగి బాధపడ్డాయి. ఆ నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉంటాయి. కాచినా లాభం లేదు, నీళ్లు ఆవిరై మిగిలిన దాంట్లో ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. అందుకే క్రిములకు ఒక పరీక్ష, రసాయనాలకు ఇంకో పరీక్ష. ఏడాదికి ఒకసారైనా రసాయనాలకు, వానల ముందూ వెనకా కలిపి రెండుసార్లు క్రిములకు చూడాలన్నది ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ చెప్పిన లెక్క. ఆ మిషన్లోనే ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు టెస్ట్ కిట్ వాడడం నేర్పించాలన్నారు. నాకు బాగా నచ్చింది ఇదే. తన బిందెలో పట్టిన నీళ్లను తనే పరీక్షించే మనిషి రిజిస్టర్లో దొంగ అంకె వేయదు.

మొదట చెప్పిన ఊళ్లో, ఆ వీధి మొదట్లో కల్వర్టు కింద పైపు జాయింటు వదులైందని మూడో రోజుకు తేలింది. తవ్వి పైపు మార్చారు. గుంటలో కుళాయిలు పైకెత్తించారు, కాకపోతే ఒకరిద్దరు మళ్లీ దింపుకున్నారు. నాలుగోరోజు నేను వెళ్లేసరికి పెద్దావిడ కోడలు గొట్టం తనే తీసుకుని నీళ్లు పట్టింది. చుక్కలు వేసింది. కాసేపటికి లేత పసుపు తిరిగింది. "ఎంత రాయమంటారు సార్?" అంది. 0.2 అన్నాను. లోపలికెళ్లి గోడ మీది క్యాలెండర్లో, పాలవాడి లెక్క పక్కన ఆ తేదీ గడిలో రాసింది.