పచ్చబడ్డ కొలనులో మళ్లీ ఈత

శ్రోతలకు నమస్కారం.

పెరట్లో ఈత కొలను ఉన్న ఇల్లు. ఏవో కారణాల వల్ల చాలాకాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పంపు ఆగిపోయింది, ఆకులు రాలి పడ్డాయి, వానలు కురిశాయి. ఇప్పుడు వెళ్లి చూస్తే నీళ్లు చిక్కటి ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. అడుగు కనిపించదు. మీద తెట్టు, అందులో దోమ లార్వాలు, దగ్గరికి వెళ్తే మురుగు వాసన. ఇలాంటి కొలను గట్టున నిలబడ్డవాళ్లకు సాధారణంగా తట్టే ఆలోచన ఒకటే: ఈ నీళ్లన్నీ తోడిపోసి, శుభ్రంగా కడిగి, కొత్త నీళ్లు నింపేస్తే పీడ వదిలిపోతుంది కదా అని.

తొందరపడి ఆ పని చేయవద్దని చెప్పడానికే ఈరోజు మీ ముందుకు వచ్చాను. పచ్చబడ్డ నీళ్లను చాలావరకు ఉన్నచోటే, ఆ నీళ్లతోనే బాగుచేసుకోవచ్చు. కొలను ఖాళీ చేయడం తేలిక పనిగా కనిపిస్తుంది గానీ అసలు ప్రమాదం అందులోనే ఉంది. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు ఉన్న కొలనులో 48 వేల లీటర్ల నీళ్లు పడతాయి. అంటే 48 టన్నుల బరువు. భూమిలో నీటిమట్టం పైకి ఉన్నప్పుడు, ముఖ్యంగా వానల తర్వాత, ఆ నీరు కొలను అడుగును కింద నుంచి పైకి తోస్తూ ఉంటుంది. లోపలి నీటి బరువే ఆ తోపుడును అణచి ఉంచుతుంది. ఆ బరువు తీసేస్తే కాంక్రీటు తొట్టి కూడా పగిలిపోవచ్చు, మొత్తంగా నేలలోంచి పైకి లేచిపోవచ్చు. ఫైబర్‌గ్లాస్ కొలను గోడలు లోపలికి ఉబ్బుతాయి. లోపల వినైల్ లైనర్, అంటే ప్లాస్టిక్ పొర, వేసిన కొలనైతే ఆ లైనర్ ఎండి ముడుచుకుపోయి, మళ్లీ నీళ్లు నింపేటప్పుడు చిరిగిపోతుంది. ఖాళీ చేయక తప్పని పరిస్థితులు కొన్ని ఉన్నాయి, వాటి గురించి తర్వాత చెబుతాను. అప్పుడైనా భూగర్భ జలం సంగతి తెలిసినవారు పక్కన ఉండాలి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది కొలను చుట్టూ కంచె, గేటు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం. అడుగు కనిపించని నీళ్లలో మనిషి మునిగిపోతే గట్టున నిలబడ్డవాళ్లకు కూడా కనపడడు. పచ్చ నీళ్లలో మామూలు కొలను కంటే ఎక్కువ ప్రమాదం ఉన్నది ఇందుకే. పని పూర్తయ్యేదాకా చిన్నపిల్లలు ఆ చుట్టుపక్కలకు రాకుండా చూడాలి. పెద్దవాళ్లు కూడా పాచి చూద్దామని, ఏదో పడిపోయిందని ఆ నీళ్లలోకి దిగకూడదు.

తర్వాత చెత్త. పొడవాటి కర్రకు బిగించిన వలతో ముందు పైన తేలే తెట్టును తీయండి, ఆ తర్వాత అడుగున పేరుకున్న ఆకులను మెల్లగా పైకి లాగండి. ఇది విసుగు పుట్టించే పని, చేతులు నొప్పి పుడతాయి. అయినా ఇక్కడ ఓపిక పడితే ముందుముందు ఎంతో కలిసొస్తుంది. క్లోరిన్ నాచును చంపుతుందన్నది అందరికీ తెలుసు. కానీ నీళ్లలో కుళ్లిన ఆకులుంటే వాటిని ఆక్సీకరించడానికే అది ఖర్చయిపోతుంది. ఆకులు తీయకుండా క్లోరిన్ పోసినవారు మర్నాడు చూస్తే నీళ్లు మళ్లీ అదే పచ్చ. మందు పనిచేయలేదని ఇంకాస్త పోస్తారు. మందులో లోపమేమీ లేదు, దానికి అప్పగించిన పని మారిపోయింది, అంతే. ఇంకో జాగ్రత్త: ఆకుల కుప్పలో ఏ పురుగూ పుట్రా ఉందో తెలియదు, చెయ్యి పెట్టి తీయకండి.

దోమల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి దోమ తయారవడానికి ఒక వారం, పది రోజులు చాలు. అవి గుడ్లు పెట్టేదీ, లార్వాలు పెరిగేదీ కదలని నీళ్లలో. పంపు తిరగడం మొదలైతే వాటికి ఆ అవకాశం ఉండదు. పంపు బాగయ్యేలోపు లార్వాల మీద మాత్రమే పనిచేసే బీటీఐ అనే బాక్టీరియా మందును వాడుకోవచ్చు.

ఇక పంపు, ఫిల్టర్. నా దృష్టిలో కొలనును నిజంగా బాగుచేసేవి ఈ రెండే. క్లోరిన్ చంపుతుంది, ఫిల్టర్ బయటికి తీస్తుంది. చంపినదాన్ని బయటికి తీయకపోతే నీళ్లు ఎప్పటికీ తేటపడవు. చాలాకాలం ఆగిపోయిన మోటారుకు, కొలనులోని లైట్లకు కరెంటు ఇచ్చేముందు ఎలక్ట్రీషియన్‌తో వైరింగు, ఎర్తింగు, లీకేజీ కరెంటు వస్తే ఆపేసే బ్రేకరు చూపించండి. నీళ్లూ కరెంటూ కలిసే చోట సొంత ప్రయోగాలు వద్దు. నీటిమట్టం స్కిమ్మర్ నోటికి, అంటే పైనీళ్లను పంపులోకి లాగే గోడలోని కంతకు, సగం దాకా ఉండాలి. అంతకు తగ్గితే పంపు గాలి పీల్చి, నీళ్లు లేకుండా తిరిగి, సీలు కాలిపోతుంది. పంపు ముందుండే బుట్టను కడిగి, దాని మూత కింది రబ్బరు రింగు ఎండిపోతే మార్చాలి.

ఇసుక ఫిల్టర్ అయితే లోపలి ఇసుక గడ్డకట్టిందేమో చూడండి. ఏళ్ల తరబడి మార్చని ఇసుకైతే కొత్తది వేయడమే మేలు. బ్యాక్‌వాష్ చేశాక, అంటే నీళ్లను వెనక్కి పంపి ఫిల్టర్‌ను కడిగాక, ప్రెషర్ గేజ్ ఎంత చూపిస్తోందో ఒక చోట రాసి పెట్టుకోండి. అక్కడి నుంచి ఒత్తిడి 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే ఫిల్టర్ నిండిందని, మళ్లీ బ్యాక్‌వాష్ చేయాలని అర్థం. మొదటి రోజుల్లో ఇది రోజుకు చాలాసార్లు చేయాల్సి రావచ్చు. దానికి విసుగు పడొద్దు, ఫిల్టర్ తన పని తాను చేస్తోందనడానికి అదే గుర్తు. నీళ్లు తేటపడేదాకా పంపును పగలూ రాత్రీ నడపాలి.

ఇప్పుడు మందుల సంగతికి వద్దాం. టెస్ట్ కిట్ లేకుండా ఒక్క చుక్క కూడా వేయకండి. మొదట చూడాల్సింది పీహెచ్, అంటే నీళ్లలోని ఆమ్ల, క్షార గుణాల కొలత. క్లోరిన్ నీళ్లలో కలిసినప్పుడు క్రిములను చంపేది అందులోని హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర వేసిన క్లోరిన్‌లో దాదాపు సగం ఆ రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే దాదాపు నాలుగో వంతే. అందుకే ముందు పీహెచ్‌ను 7.2 దగ్గరికి దించుకోవాలి. ఈ పని క్లోరిన్ బాగా వేయకముందే చేయాలి. ఎందుకంటే క్లోరిన్ 10 పీపీఎం, అంటే వెయ్యి లీటర్లకు 10 గ్రాములు, దాటాక కిట్ పీహెచ్‌ను తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఆల్కలినిటీ, అంటే పీహెచ్ మార్పును తట్టుకునే నీళ్ల శక్తి, 80 నుంచి 120 పీపీఎం మధ్య ఉంటే పీహెచ్ ఊగిసలాడకుండా నిలకడగా ఉంటుంది. తక్కువైతే వంట సోడాతోనే పెంచుకోవచ్చు.

రెండోది సయన్యూరిక్ యాసిడ్. దీని గురించి తెలియక చాలామంది ఇబ్బంది పడతారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. నేరుగా ఎండ తగిలితే నీళ్లలోని క్లోరిన్ గంటలోపే సగానికి తగ్గిపోతుంది. సయన్యూరిక్ యాసిడ్ దానికి గొడుగులా నిలబడుతుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే చాలు. కానీ అది క్లోరిన్‌ను పట్టి ఉంచుతుంది కూడా, కాబట్టి ఎక్కువయ్యేకొద్దీ క్లోరిన్ పని మందగిస్తుంది. కొలనులో తేలే ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్లలను ఏళ్ల తరబడి వాడితే ప్రతి బిళ్లతోనూ ఈ యాసిడ్ కొంచెం కొంచెం పోగుపడుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మాత్రం మిగిలిపోతుంది. 100 దాటిపోయిందంటే ఎంత క్లోరిన్ పోసినా నాచు లొంగదు. దీన్ని తగ్గించడానికి నమ్మదగిన దారి నీళ్లు మార్చడమే. నీళ్లు తీయక తప్పని పరిస్థితులు ఉన్నాయని ఇందాక అన్నానే, వాటిలో ఇది ముఖ్యమైనది. అప్పుడు కూడా ఒక్కసారిగా ఖాళీ చేయకుండా, మూడో వంతు తీసి మూడో వంతు నింపుతూ విడతలుగా మార్చుకోవచ్చు. ఎన్నో ఏళ్ల బురద పేరుకుని నీళ్లు నల్లబడిపోతే కూడా నీళ్లు మార్చడమే నయం.

ఇక క్లోరిన్ మోతాదు. ఒక పీపీఎం అంటే వెయ్యి లీటర్లకు ఒక గ్రాము. మనం ఇందాక లెక్కేసిన 48 వేల లీటర్ల కొలనులో 10 పీపీఎం పెంచాలంటే 480 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. 65 శాతం బలం ఉన్న కాల్షియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ పొడి అయితే దాదాపు 740 గ్రాములు. నాచు బాగా పట్టిన కొలనుకు సయన్యూరిక్ యాసిడ్ 30 ఉంటే 12 పీపీఎం దాకా, 50 ఉంటే 20 దాకా క్లోరిన్ ఎక్కించి, ఆ మట్టం పడిపోకుండా నిలబెట్టాలి. ఒకసారి వేసి ఊరుకుంటే సరిపోదు. సాయంత్రం ఎండ తగ్గాక వేయండి. వేశాక గోడలను, మెట్లను, మూలలను బ్రష్‌తో గట్టిగా రుద్దండి. నాచు మీద జిగురు పొరలా ఉంటుంది, అది చెదిరితేనే క్లోరిన్ లోపలికి వెళ్తుంది. నిచ్చెన వెనుక, లైట్ల చుట్టూ మర్చిపోవద్దు, నాచు మళ్లీ పుట్టుకొచ్చేది సరిగ్గా అక్కడి నుంచే.

ఇక్కడ మీరందరూ దయచేసి శ్రద్ధగా వినాలి. క్లోరిన్ మందును ఎప్పుడూ నీళ్లలోనే వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. కాల్షియం హైపోక్లోరైట్ పొడినీ ట్రైక్లోర్ బిళ్లలనీ కలిపితే మంటలు రావచ్చు, పేలిపోవచ్చు. ఒకే చెంచా, ఒకే బకెట్ రెండింటికీ వాడటం కూడా ప్రమాదమే. క్లోరిన్ మందుకూ పీహెచ్ దించే యాసిడ్‌కూ స్పర్శ తగిలిందంటే విషవాయువు పుడుతుంది. రెండూ ఒకే అలమరాలో ఉంచకండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

తర్వాతి రోజుల్లో రంగు ఎలా మారుతుందో గమనిస్తూ ఉండండి. పచ్చదనం పోయి బూడిద రంగు కలిసిన నీలం వస్తుంది, ఆపైన పాలలా తెల్లగా మబ్బు కమ్మినట్టు ఉంటుంది. ఇది చూసి టెన్షన్ పడేవాళ్లున్నారు. అది చచ్చిన నాచు. ఇక ఫిల్టర్ వంతు. తొందరగా తేటపడాలంటే పటిక వాడవచ్చు. పటిక కలిపి, పంపు ఆపి, రాత్రంతా కదలకుండా వదిలేస్తే మలినం ముద్దలు కట్టి అడుగున దిగుతుంది. దాన్ని ఫిల్టర్‌లోకి పంపకుండా, వాల్వును వేస్ట్‌కు తిప్పి, వ్యాక్యూమ్‌తో నేరుగా బయటికి లాగేయాలి. నీళ్లు కొంత పోతాయి, పీహెచ్ కూడా దిగుతుంది. అందుకే నాకు మాత్రం ఫిల్టర్‌నే ఓపికగా నడపడం ఇష్టం. క్లోరిన్ వేయగానే నీళ్లు గోధుమ రంగుకు తిరిగితే మాత్రం అందులో ఇనుము ఉన్నట్టు, బోరు నీళ్లతో నింపిన కొలనుల్లో ఇది జరుగుతుంటుంది. దాని దారి వేరు, నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

పని ఎప్పుడు పూర్తయినట్టు? నీళ్లు తేటగా కనిపిస్తే చాలదు. చీకటి పడ్డాక క్లోరిన్ కొలిచి, తెల్లారి ఎండ తగలకముందే మళ్లీ కొలవండి. రాత్రికి రాత్రి తగ్గింది ఒక పీపీఎంకు మించకపోతే, నీళ్లలో ఇంకా క్లోరిన్‌ను తినేసే జీవం లేదన్నమాట. మలినాలతో కలిసిపోయి పనికిరాకుండా ఉన్న క్లోరిన్ అర పీపీఎం లోపు ఉండాలి. కొలను దగ్గర ముక్కు పగిలేలా వచ్చే ఘాటు వాసనా, కళ్లు ఎర్రబడటమూ ఈ కలిసిపోయిన క్లోరిన్ వల్లే. క్లోరిన్ మరీ ఎక్కువైందని చాలామంది అనుకుంటారు గానీ నీళ్లు ఇంకా శుద్ధి కాలేదని దాని అర్థం. అన్నిటికంటే లోతైన చోట అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ స్పష్టంగా కనపడాలి. ఆ జాలీ విరిగినా, ఊడినా, మార్చేదాకా ఎవరినీ దిగనివ్వకండి. పంపు లాగే బలానికి జుట్టో, చేయో, శరీరమో అక్కడ అతుక్కుపోతే మనిషి విడిపించుకోలేడు.

క్లోరిన్ మామూలు మట్టానికి దిగి, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉన్నప్పుడు దిగవచ్చు. సయన్యూరిక్ యాసిడ్ వాడిన కొలనులో క్లోరిన్ కనీసం 2 పీపీఎం, వాడని చోట కనీసం 1 ఉండాలి. దిగేముందు ఒంటి మీద నీళ్లు పోసుకుంటే చెమట, నూనె కొలనులో కలవవు. విరేచనాలు అవుతున్నవారు, పిల్లలైనా పెద్దలైనా, నీళ్లలోకి రాకూడదు. క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి సరైన మోతాదు క్లోరిన్ ఉన్న నీళ్లలో కూడా వారం రోజులకు పైగా బతికి ఉంటుంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నా అది కంటికి కనపడదు.

ఇకపై పంపును రోజూ కనీసం కొలను నీళ్లన్నీ ఒకసారి ఫిల్టర్ గుండా వెళ్లేంతసేపు నడపండి. గంటకు 6 వేల లీటర్లు తోడే పంపుకు మన కొలనులో అది ఎనిమిది గంటలు. క్లోరిన్‌నూ పీహెచ్‌నూ వారంలో రెండు మూడుసార్లయినా చూడండి. పెద్ద వాన కురిసిన మర్నాడు, ఎక్కువమంది ఈదిన రోజు సాయంత్రం మాత్రం తప్పకుండా పరీక్షించండి.

సెలవు. నమస్కారం.