ఆక్వా షాపు సామానుతో పగడాల ట్యాంకు: టేబుల్, సంప్, స్కిమ్మర్ మనమే కట్టుకుందాం

నమస్తే అండి. ఈ వీడియోలో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతు ఉండే పగడాల ట్యాంకు, దాని ఫిల్టరుతో సహా మన దగ్గర దొరికే సామానుతోనే కడుతున్నాం. మన దగ్గర అంటే భీమవరం, పాలకొల్లు, అమలాపురం ఆక్వా షాపులు, పక్కనే ఉండే ప్లంబింగ్ కొట్టు, ప్లైవుడ్ డిపో, అంతే. రొయ్యల చెరువుల పుణ్యమా అని మన డెల్టాలో ఎయిర్ బ్లోవర్లు, చెరువుల్లో పరిచే హెచ్‌డీపీఈ షీట్లు, ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటర్లు, నీళ్లు పరీక్ష చేసే ల్యాబులు ఎటు చూసినా ఉన్నాయి. సిటీలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లు ఇవే వస్తువులను బ్రాండ్ పేరు మీద నాలుగింతలు పెట్టి కొంటున్నారు. మనకేం ఖర్మండీ.

పని మొదలెట్టే ముందు ఒక మాట, దీన్ని మాత్రం స్కిప్ చేయకండి. గట్టి అస్థిపంజరం ఉండి దిబ్బలు కట్టే పగడాలు అన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, ఇవన్నీ మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్రంలోంచి ముక్క విరిచి తెచ్చినా, ఎవరో తెచ్చింది కొన్నా కేసే. ఇప్పుడు కట్టేది జోయాంథస్, మష్రూమ్ లాంటి ఎముక లేని మెత్తటి రకాల కోసం. వాటిని కూడా అటవీ శాఖ వాళ్లను అడిగి తెలుసుకుని, ట్యాంకులో పెంచినవి, బిల్లు ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి.

సరే, టేబుల్, అంటే పగడాలు ఉండే ఆ వెడల్పాటి ట్యాంకు. 18 ఎమ్ఎమ్ వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీట్లు రెండు తీసుకోండి. ఒకటి అలాగే అడుగున పడుతుంది. రెండో దాన్ని డిపోలోనే పొడవుగా అడుగు వెడల్పు ముక్కలు నాలుగు కోయించండి. రెండు ముక్కలు పొడుగు గోడలకు, మూడోది సగానికి కోస్తే రెండు పొట్టి గోడలకు సరిపోతాయి, నాలుగోది మిగులుతుంది, దాన్ని మధ్యలో గోడలు బయటికి ఉబ్బకుండా పైన అడ్డంగా కొట్టుకోవచ్చు. మూలల్లో రెండంగుళాల చెక్క బద్దలు పెట్టి స్టీలు స్క్రూలు బిగించండి. మామూలు ఇనుప స్క్రూ వాడితే మన ఉప్పు గాలికి ఆర్నెల్లకే తుప్పు కారుతుంది. లోపల 25 సెంటీమీటర్ల నీళ్లు నిలిపితే ఇందులో సుమారు 740 లీటర్లు పడతాయి, అంటే 740 కిలోలు. మన డెల్టా నేల బంకమన్ను, వానాకాలం ఒక పక్క కుంగుతుంది, ట్యాంకు ఒక పక్కకి ఒరుగుతుంది, నీళ్లన్నీ ఆ గోడ మీదికే తోస్తాయి. అందుకే ముందు నాలుగంగుళాల కాంక్రీటు వేసి, దాని మీద సిమెంటు ఇటుకలతో రెండున్నర అడుగుల ఎత్తు దిమ్మలు కట్టి, లెవెల్ చూసుకుని, అప్పుడు టేబుల్ ఎక్కించండి.

లోపల పరిచేది చెరువు షీటే. 300 మైక్రాన్ల మందానిది తీసుకోండి, అంతకన్నా మందంగా ఉంటే మూలల్లో మడత లొంగదు. మూలల్లో కత్తెర పెట్టొద్దు, పుస్తకానికి అట్ట వేసినట్టు మడతపెట్టి పైఅంచు మీద నుంచి బయటికి తీసుకెళ్లి అక్కడ బద్దతో బిగించాలి. నీటి మట్టానికి కింద ఎక్కడా స్క్రూ గానీ మేకు గానీ షీటులోకి దిగకూడదు. బయోఫ్లాక్ పద్ధతిలో చేపలు పెంచేవాళ్లు వాడే రౌండు టార్పాలిన్ ట్యాంకు సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. నీళ్లు నిలుస్తాయి, కానీ అంత లోతులో చెయ్యి పెట్టి పని చేయలేరు, వెలుతురు కూడా అడుగుదాకా సరిగ్గా దిగదు. పగడాలకు వెడల్పు కావాలి, లోతు కాదు.

నీళ్లు బయటికి పోయే బెజ్జం అడుగున పెట్టొద్దండీ. పక్క గోడకి, పైనుంచి మూడంగుళాల కిందగా పెట్టండి. సింటెక్స్ ట్యాంకుకి వాడే ఒకటిన్నర అంగుళం ట్యాంక్ కనెక్టరు, రెండు పక్కలా రబ్బరు వాషర్లు. అడుగున పెడితే ఎప్పుడో ఒకరోజు పైపు కదిలి మొత్తం నీళ్లు నేలపాలవుతాయి, పక్కన పెడితే పోయినా పై నీళ్లే పోతాయి. పక్కనే అర అంగుళం ఎత్తులో ఇంకో కనెక్టరు పెట్టండి, మొదటి దాంట్లో నత్తో నాచో అడ్డం పడితే అది కాస్తుంది.

సంప్ అంటే టేబుల్లోంచి దిగిన నీళ్లు శుభ్రమై మళ్లీ పైకి వెళ్లే తొట్టి. దానికోసం 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు, అడుగు భాగంలో ఒక పైపుతో కలిపి టేబుల్ పక్కన నిలబెట్టండి. డ్రమ్ములో అంతకుముందు ఏముండేదో అడిగి మరీ కొనండి, పురుగుమందు డ్రమ్ములు కడిగి అమ్మేవాళ్లున్నారు. ఒక్కోదాంట్లో 80 లీటర్లే నింపాలి, మిగతాది ఖాళీ. ఎందుకో లెక్క చెప్తాను. టేబుల్ వైశాల్యం మూడు చదరపు మీటర్లకు కాస్త తక్కువ, కాబట్టి ఒక్క సెంటీమీటరు నీటి మట్టం అంటే 30 లీటర్లు. కరెంటు పోగానే పైన ఉన్నదాంట్లో రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగిపోతుంది, అది దాదాపు 90 లీటర్లు. సంప్‌లో చోటు లేకపోతే షెడ్డులోకే. నీళ్లు పైకి తెచ్చే పైపుకి నీటి మట్టానికి కాస్త కిందగా చిన్న బెజ్జం వేయండి, మోటారు ఆగగానే అందులోంచి గాలి పీల్చి సైఫన్, అంటే నీళ్లు పైపులోంచి వెనక్కి దిగిపోవడం, తెగిపోతుంది. ఆ బెజ్జంలో నాచు పట్టనివ్వకండి. మోటారు గంటకు మూడు నాలుగు వేల లీటర్లు తోసేది చాలు. టేబుల్లో నీళ్లు కదలడానికి మాత్రం వేవ్‌మేకర్లు రెండు విడిగా కావాలి, ఇవి కొరియర్‌లో తెప్పించుకోవాల్సిందే.

ఇప్పుడు స్కిమ్మర్. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే బయట వేలకు వేలు పెట్టి కొనే వస్తువు ఇక్కడ పైపు ముక్కతో అయిపోతుంది. ఉప్పునీళ్లలో సన్నటి బుడగలు వదిలితే, నీళ్లలో కరిగిన ప్రోటీన్లు, జిడ్డు బుడగ అంచుకు అంటుకుని పైకి వస్తాయి, నురుగుగా మారతాయి, ఆ నురుగును తీసి పారేస్తే కుళ్లి అమ్మోనియా అయ్యేలోపే చెత్త బయటికి పోయినట్టు. మంచినీళ్లలో ఇది పని చేయదు, బుడగలు కలిసి పెద్దవైపోతాయి.

నాలుగంగుళాల పీవీసీ పైపు నాలుగడుగుల ముక్క తీసుకుని అడుగున క్యాప్ వేయండి. పైన నాలుగు నుంచి రెండంగుళాలకు తగ్గే రెడ్యూసర్, దాని మీద జానెడు రెండంగుళాల పైపు. ఆ పైపు ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ అడుగులోంచి లోపలికి దూరి సగం దాకా రావాలి. నురుగు పైపెక్కి క్యాన్‌లోకి పొర్లుతుంది, క్యాన్ పారదర్శకం కాబట్టి ఎంత పట్టిందో కనిపిస్తుంది. నీళ్లు పైభాగంలో లోపలికి రావాలి, గాలి అడుగున పుట్టాలి, నీళ్లు కిందికి బుడగలు పైకి ఎదురెదురుగా నడవాలి. అడుగున పక్కకి ఒక అంగుళం పైపు తీసి, బయట దాన్ని పైకి నిలబెట్టి వాల్వు పెట్టి సంప్‌లోకి వంచండి, ఆ వాల్వుతోనే లోపలి నీటి మట్టం సర్దుకుంటాం. గంటకు 400 లీటర్లు పంపితే చాలు, నీళ్లు బుడగలతో దాదాపు నిమిషంన్నర ఉంటాయి.

ఎయిర్ స్టోన్ మామూలు నీలం రాయి పెడితే బుడగలు లావుగా వస్తాయి, చెక్కతో చేసినది కావాలి. అది పాడవుతుంటుంది, మారుస్తూ ఉండాలి. అక్వేరియం షాపు చిన్న ఎయిర్ పంపు నాలుగడుగుల లోతున గాలి తోయలేదు, రొయ్య పిల్లల ట్యాంకులకు వాడే బ్లోవరైతే హాయిగా తోస్తుంది. బ్లోవరు గాలి పీల్చే చోటు మాత్రం చూసుకోండి. పక్క పొలంలో వరికి మందు కొడుతున్నప్పుడు ఆ గాలి లోపలికి పీలిస్తే ట్యాంకులో ఉన్న రొయ్యలు, పీతల దగ్గర్నుంచి అన్నీ పోతాయి. దోమల స్ప్రే కూడా షెడ్డులో వద్దు.

మిగతా ఫిల్టర్ గురించి పెద్దగా చెప్పాల్సిందేం లేదు. పైనుంచి వచ్చే నీళ్లు ఒక ఫిల్టర్ బ్యాగులోంచి పడాలి, దాన్ని రెండు మూడు రోజులకోసారి ఉతకాలి. రెండో డ్రమ్ములో కాకినాడ వైపు దొరికే గుల్లలు ఎండబెట్టి కడిగి జాలీ సంచిలో వేయండి, బాక్టీరియా వాటి మీద పెరుగుతుంది. గుల్లలు వేస్తే కాల్షియం కూడా వస్తుందని కొందరు నమ్ముతారు, రాదండీ. సముద్రపు నీటి పీహెచ్ 8 పైన ఉంటుంది, అక్కడ గుల్ల కరగదు.

నీళ్లు. అంతర్వేది దగ్గర సముద్రం పక్కనే కదా, రెండు డ్రమ్ములు తెచ్చేసుకుందాం అనుకోకండి. గోదావరి నీళ్లు, బురద అక్కడ కలుస్తాయి, వరదల టైములో ఉప్పు శాతం పడిపోతుంది. మన తీరంలో పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణం కూడా ఆ బురద, మంచినీళ్లే. అవి మన్నార్ సింధుశాఖలో, కచ్‌లో, లక్షద్వీప్, అండమాన్‌లలో ఉన్నాయి. కాకినాడ నుంచి తుని వైపు తీరంలో రొయ్య పిల్లల హ్యాచరీలు ఉన్నాయి, వాళ్లు సముద్రపు నీళ్లను ఇసుక ఫిల్టర్లలో వడగట్టి, క్లోరిన్ వేసి, అది పోయేదాకా గాలి కొట్టి వాడతారు. తెలిసినవాళ్లుంటే అడిగి ఎండాకాలం మొదట్లో ఆ నీళ్లు టాటా ఏస్‌లో తెచ్చుకోవడం అన్నిటికన్నా చవక. కళ్లుప్పు కలుపుకుంటే పోలా అంటే కుదరదు. ఉప్పుమడిలో ఉప్పు గడ్డకట్టే లోపే కాల్షియం అడుగున దిగిపోతుంది, మెగ్నీషియం చివర మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతుంది, మన చేతికొచ్చేది దాదాపు ఒట్టి సోడియం క్లోరైడే.

ల్యాబుకి శాంపిల్ తీసుకెళ్లినప్పుడు టోటల్ హార్డ్‌నెస్ ఒక్కటే రాసిస్తారు, కాల్షియం, మెగ్నీషియం విడివిడిగా చూడమనండి. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి భాగాలకు 35) దగ్గర, కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాసే గుణం) 125 నుంచి 160, ఈ మూడూ పీపీఎమ్‌లలో ఉంటే ఇంక దేన్నీ ముట్టుకోవద్దు. ఆల్కలినిటీ పడితే, మన 900 లీటర్ల మొత్తానికి 27 గ్రాముల వంటసోడా కరిగించి నెమ్మదిగా పోస్తే సుమారు 18 పీపీఎమ్ మేర పెరుగుతుంది. కాల్షియం కొద్దికొద్దిగా తగ్గుతుంటే సున్నపు తేట రాత్రిపూట సెలైన్ గొట్టంతో చుక్కలు చుక్కలుగా వదలండి, కిళ్లీ సున్నం కాదు, శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్. దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది, ఒక్కసారి చెంబుతో పోస్తే అంతే సంగతులు. చెరువు అలవాటు ప్రకారం మినరల్ మిక్స్ బస్తా విప్పి చల్లేవాళ్లకి చేతులెత్తి దండం.

ఇక వేడి. నిజం చెప్పాలంటే ఈ ట్యాంకుకి అసలు శత్రువు మే నెల. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడం తనలో ఉన్న నాచును వదిలేసి తెల్లబడుతుంది. నీటి మీద ఫ్యాను తిప్పితే ఆవిరై చల్లబడుతుంది: మన 900 లీటర్లలో ఒక్క లీటరు ఆవిరైతే సుమారు 0.65 డిగ్రీలు తగ్గాలి. కానీ మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆవిరి కావడమే కష్టం. టేబుల్ కింద, చుట్టూ థర్మాకోల్ పెట్టండి, రేకుల మీద కొబ్బరి మట్టలు పరచండి. అప్పటికీ మేలో ఏసీ గదో, నీళ్లు చల్లబరిచే చిల్లర్ మెషీనో తప్పదు, తక్కువ ఖర్చులో అయిపోతుందని నేను అబద్ధం చెప్పను. ఆవిరైన దానికి బదులు ఆర్‌వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు, ఎందుకంటే ఉప్పు ఆవిరవదు. పైకప్పు లేకుండా మాత్రం పెట్టకండి, ఒక్క సెంటీమీటరు వాన పడితే 30 లీటర్ల మంచినీళ్లు కలిసిపోతాయి.

కరెంటు విషయంలో కక్కుర్తి వద్దు. ఉప్పునీళ్లు, తడి చేతులు, మోటార్లు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా ప్లగ్గు పెట్టకండి. ప్రతి వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి పైకెక్కాలి, అప్పుడు వైరు వెంట కారిన నీళ్లు కింద పడిపోతాయి. తుఫాను వచ్చి రెండు రోజులు కరెంటు లేకపోతే మోటార్లన్నీ నడపక్కర్లేదు, ఇన్వర్టరు మీద ఒక ఎయిర్ పంపు నడిస్తే చాలు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన 1960ల మొదట్లోనే ఎండ, లైవ్ రాక్ అనే చిన్న జీవులు పట్టిన సముద్రపు రాళ్లు, గాలి బుడగలతోనే పగడాలు పెంచి చూపించాడు.

అంతా నడిచాక నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీగా తిప్పండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాక రెండు మూడు పగడపు ముక్కలు వేయండి. ముక్కలు కోసేటప్పుడు చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. జోయాంథస్ కుటుంబంలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, చర్మం మీద గాయం ఉన్నా, కంట్లో చుక్క పడినా ఆసుపత్రే. అవి పట్టిన రాయిని వేడినీళ్లలో మరిగించి శుభ్రం చేద్దామనుకోకండి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన కేసులున్నాయి. కోసిన బకెట్టు నీళ్లు తిరిగి ట్యాంకులో పోయకండి, కాలవలోనూ పోయకండి, బ్లీచింగ్ వేసి ఒక రోజు ఉంచి పారబోయండి. లైట్లు, షేడ్ నెట్ సంగతి వచ్చే వీడియోలో చూద్దాం, ఉంటానండి.