సోషల్ స్పెషల్ క్లాసుకి ఎవర్ని తీసుకోవాలి?

(బోర్డు మీద మహేంద్రతనయ నది, పక్కన రెండు చుక్కలు)

నమస్తే అండీ, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. సోషల్‌లో చురుకైన పిల్లలకి విడిగా క్లాసు పెడదామనుకోగానే మనం చేసే మొదటి పని మార్కుల రిజిస్టర్ తీయడం. పైనుంచి పదిహేను పేర్లు రాసుకుంటే అయిపోయింది. నేనూ నాలుగేళ్లు అదే చేశాను, సగం మంది నోట్స్ రాసుకోవడానికి తప్ప తలెత్తలేదు.

ఈ బోర్డు చూడండి. ఈ చుక్క మనం, ఆ చుక్క పాతపట్నం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయినప్పుడు మనం ఇటొచ్చాం, పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. పిల్లలకి ఇంతే చెప్పి, ఏమన్నా అడగండర్రా అన్నాను. ఎప్పుడూ ఫస్టొచ్చే అమ్మాయి తారీఖు రాసుకుని, "ఇది పరీక్షలో వస్తుందా మాస్టారూ?" అంది. ఆ అలవాటు చేసింది మనమే లెండి. వెనక బెంచీలో ఒక గుంటడు, యాభై మార్కులు ఎన్నడూ దాటనివాడు, "గీత గీసినోళ్లు ఊళ్లోకొచ్చి అడిగేరా, లేపోతే రాజుగారు చెప్పింది రాసుకుని ఎళ్లిపోయేరా?" అన్నాడు. కాసేపాగి, "మా మామ్మ ఇంకోలా చెప్తాది" అని కూడా అన్నాడు.

నాకు కావలసిన పిల్లాడు వాడే. మరి మార్కులెందుకు రావు? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రాతలో భాష తడబడితే బుర్రే తడబడిందనుకుని దిద్దేస్తాం. అందుకని ఎంపికలో ఒక్కొక్కరికీ పది నిమిషాలు నోటితోనే పెట్టండి. తెలుగులో చెప్పినా సరే, ఇక్కడి గిరిజనుల భాష సవరలో చెప్తే పక్కవాడు ఒడియాలోకి మార్చినా సరే. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లో పాఠాలు చెప్తూ సవర నేర్చుకున్నారు, మనం ఆ పది నిమిషాలు వినలేమా!

ఇంకొక పని. వంశధార నది మీద నేరడి దగ్గర ఆనకట్ట కడితే మా ఊళ్లు మునుగుతాయని ఒడిశావైపు మాటగా ఒక కాగితం, కట్టకపోతే నీళ్లు సముద్రం పాలని ఆంధ్రావైపు మాటగా ఇంకో కాగితం, ఐదారు వాక్యాల్లో మీరే రాసి చేతికివ్వండి. ఎవరిది రైటు అని మాత్రం అడక్కండి, ఎవరి ఊరివైపు వాళ్లు ఓటేస్తారు. ఇందులో చెప్పకుండా వదిలేసిందేంటి అని అడిగి, ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం, మనకి నోరు ఆగదు.

ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష సంగతి అడుగుతారని తెలుసు. స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000, రెండో పేపర్లో 90 ప్రశ్నలకి 35 సోషల్‌వే. దానికి కోచింగ్ తప్పకుండా ఇవ్వండి, కానీ విడిగా. ఈ క్లాసుతో కలిపితే వారం తిరక్కుండా బిట్ల క్లాసైపోతుంది.

అన్నట్టు, ఆ ఫస్టొచ్చే అమ్మాయికీ రెండు కాగితాలూ ఇచ్చాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మొదటిదాని మీద వేలు పెట్టి, "మునుగుతాయన్నారు గానీ, ఎన్ని ఊళ్లో రాయలేదు మాస్టారూ" అంది. ఆ పేరు కూడా రాసుకున్నాను.