నువ్వెవరో మేం చెబుతాం అనే తొందర

పాస్టర్లకు, సండే స్కూల్ టీచర్లకు, తల్లిదండ్రులకు వందనాలు.

యవ్వనస్తుల గురించి మాట్లాడమంటే మనం సాధారణంగా దారి తప్పుతున్నవాళ్ల గురించే మాట్లాడుకుంటాం. నేను బుద్ధిమంతులతో మొదలుపెడతాను. వీళ్లు ప్రతి ఆదివారం వస్తారు, వాక్యాలు కంఠతా చెబుతారు, ఎదురు ప్రశ్న వేయరు. వీళ్లను చూసి మనం నిశ్చింతగా ఉంటాం. నాకు మాత్రం వీళ్ల గురించే కాస్త టెన్షన్.

జేమ్స్ మార్షియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో యువత గుర్తింపు గురించి, అంటే 'నేనెవరిని' అన్నదాని గురించి రాస్తూ రెండు విషయాలు చూడమన్నాడు. ఈ మనిషి తనంతట తాను వెతికాడా? ఏదో ఒకదానికి కట్టుబడ్డాడా? వెతక్కుండానే కట్టుబడిపోయినవాళ్లు కొందరుంటారు. వాళ్లు అమ్మానాన్నలు చెప్పిందే తమ జవాబుగా చెప్పేస్తారు. వాళ్ల విశ్వాసం అబద్ధమని నేననను. అలా నమ్మి జీవితమంతా చక్కగా నిలబడినవాళ్లూ ఉన్నారు. కానీ ఇల్లు దాటి, వేరే నమ్మకాలున్న స్నేహితుల మధ్య "నువ్వెందుకు నమ్ముతున్నావు?" అన్న ప్రశ్న ఎదురైతే, చాలామందికి అది తమను తాము ఎప్పుడూ వేసుకోని ప్రశ్న. ఇక ఏదీ తేల్చుకోకుండా ఇంకా వెతుకుతున్నవాళ్లను మనం చల్లారిపోయారంటాం. మార్షియా లెక్కలో అది ఎదుగుదలలో ఒక దశ.

మార్షియాకు ఈ ఆలోచన ఎరిక్ ఎరిక్‌సన్ అనే మనోవిశ్లేషకుడి దగ్గర నుంచి వచ్చింది. 'ఐడెంటిటీ క్రైసిస్', అంటే నేనెవరినో తేలని సంక్షోభం, అనే మాటను లోకానికి అలవాటు చేసింది ఆయనే. 1902లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. కన్నతండ్రి ఎవరో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. సవతి తండ్రి ఇంటిపేరుతో పెరిగాడు. నీలి కళ్లు, బంగారు రంగు జుట్టు ఉన్నాయని యూదుల పిల్లలు వెక్కిరించారు. యూదుడని బడిలో మిగతావాళ్లు వెక్కిరించారు. 1939లో అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు ఎరిక్‌సన్ అనే ఇంటిపేరు తానే పెట్టుకున్నాడు. నేనెవరినన్నది ఆయనకు పుస్తకాల్లో దొరికిన ప్రశ్న కాదు.

మన పిల్లల్ని మలిచేవి కూడా ఒకటి రెండు కాదు. ఇల్లు, భాష, చదువు, స్నేహితులు, డబ్బు ఉండటం లేకపోవడం, ఫోన్‌లో వచ్చే లైకులు. విశ్వాసం వీటి మధ్యలోనే ఉంటుంది. దాన్ని వేరే గదిలో పెట్టి, మిగతావన్నీ లోకసంబంధమైనవి అని కొట్టిపారేస్తే పిల్లలకు రెండు జీవితాలు అలవాటవుతాయి, సంఘంలో ఒకటి, బయట ఒకటి.

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. నలుగురు కుర్రాళ్లను సొంత దేశం నుంచి బబులోనుకు తీసుకుపోయారు. కల్దీయుల భాష, విద్య నేర్పారు. దానియేలును బెల్తెషాజరు అన్నారు. మిగతా ముగ్గురు షద్రకు, మేషాకు, అబేద్నెగో అయ్యారు. పేర్లకు వాళ్లు అభ్యంతరం చెప్పినట్టు అక్కడ లేదు. చదువులోనైతే అందరినీ మించిపోయారు. రాజు భోజనం, ద్రాక్షారసం దగ్గర మాత్రం మేం ముట్టం అన్నారు. అదీ గొడవపడకుండా, పది రోజులు పరీక్షించి చూడమని అడిగారు. దేన్ని తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో పక్కన నిలబడి చెప్పే పెద్దవాళ్లు ఆ కథలో కనిపించరు. దానియేలు తన మనసులో నిశ్చయించుకున్నాడు అంతే. మనం ఈ కథను పిల్లలకు "లోకాన్ని వదిలేయండి" అని చెబుతుంటాం. నాకైతే సగం కథే చెబుతున్నామనిపిస్తుంది.

సందేహం బయటపెట్టిన పిల్లలతో ఎలా ఉండాలి? "అలాంటి ఆలోచనలు సైతానువి" అన్నామంటే ఆ పిల్ల ఇంకెప్పుడూ మనతో మాట్లాడదు. ఆలోచన మాత్రం ఆగదు. తోమా సంగతి చూడండి. యేసు తిరిగి లేచాడని మిగతా శిష్యులు చెబితే, నేను చూస్తే తప్ప నమ్మను అన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత కూడా శిష్యులతో పాటు ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఎవరూ బయటికి పంపలేదు. యేసు వచ్చేసరికి అతను అక్కడ ఉండగలిగాడు.

ఇలా స్వేచ్ఛ ఇస్తే కొందరు వెళ్లిపోరా అంటారు. వెళ్లవచ్చు. ఆస్తి ఉన్న ఒక మనిషి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంటే ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి నన్ను వెంబడించు అన్న షరతును యేసు తగ్గించలేదు, చెయ్యి పట్టుకుని ఆపలేదు. అతన్ని ప్రేమించాడని మాత్రం మార్కు రాశాడు.

ఇప్పుడు పని. 1954లో కూన్, మెక్‌పార్ట్‌లండ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఒక పద్ధతి గురించి రాశారు. "నేనెవరిని?" అనే ప్రశ్నకు ఇరవై జవాబులు రాయాలి. మొదట్లో కొడుకు, కూతురు, విద్యార్థి లాంటివి సులువుగా వస్తాయి. అవి అయిపోయాక అసలు తంటా. యూత్ మీటింగ్‌లో ఇది చేయించండి. తర్వాత రెండు ప్రశ్నలు కలపండి. వీటిలో నువ్వు ఎంచుకున్నవి ఏవి? ఏది పోతే నువ్వు నువ్వుగా ఉండవు? ఎవరైనా "క్రైస్తవుణ్ణి" అని పద్నాలుగో జవాబుగా రాస్తే, అసలు రాయకపోతే, మీ ముఖంలో ఏమీ కనిపించనివ్వకండి. ఎందుకలా రాశావని అడగండి, చెప్పింది మధ్యలో అడ్డుకోకుండా వినండి.

కాగితాలు మీ కుర్చీల మీద ఉన్నాయి. పిల్లలకు ఇచ్చేముందు మనం రాసి చూద్దాం. పదిహేను నిమిషాలు. పక్కవాళ్లకు చూపించనక్కర్లేదు.